డప్పుకి తెలియని చోటు

మా లాండ్రీలో ఆమెని అందరూ మడతక్క అంటారు. ఆసుపత్రి దుప్పట్లు, దిండు గలీబులు, ఆపరేషన్ గదుల్లో కప్పే పచ్చగుడ్డలు ఉతికి, ఆరబెట్టి, వేడి రోలర్ల మీంచి తీసి మడతపెట్టడం మా పని. ఆమె మడిచిన దుప్పట్ల దొంతర చూస్తే కత్తితో కోసినట్టు ఉంటుంది, ఒక్క అంచు కూడా బయటికి రాదు. నలభై మూడేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ దుప్పటికి రెండో కొస పట్టుకుంటున్నది నేనే. కాబట్టి ఈ సంగతి నేను చెబితేనే బాగుంటుంది.

ముందు మా మడత సంగతి చెప్పాలి. పెద్ద దుప్పటిని ఇద్దరు పట్టుకుని, వెనక్కి నడిచి సాగదీసి, మళ్ళీ ముందుకొచ్చి కొసకి కొస కలపాలి. దగ్గరికొచ్చినప్పుడు ముక్కూ ముక్కూ రాసుకుంటాయి. దూరం జరిగితే యంత్రాల హోరులో అరిస్తే గానీ వినపడదు. అందుకని మాకు రెండు రకాల మాటలున్నాయి. కొసలు కలిసినప్పుడు చెప్పేది దగ్గరి మాట. వెనక్కి జరిగి అరిచేది దూరపు మాట. దూరపు మాట ఎవరైనా ఎక్కడికైనా మోసుకెళ్ళొచ్చు. దగ్గరి మాట మాత్రం గది గడప దాటకూడదు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, నేను చేరేనాటికే ఉందీ పద్ధతి. మొగుళ్ళ బండారాలు, గర్భాలు, గడ్డలు, అప్పటిదాకా ఎవరికీ చెప్పని ఏడుపులు, అన్నీ ఆ దుప్పట్ల మధ్యే ఉండిపోయాయి.

మడతక్క మొగుడిది కూడా మా లాండ్రీయే. గుడ్డల వ్యాను నడుపుతాడు. అతన్ని డప్పు అంటారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. వానొస్తే తను ముందే చెప్పానంటాడు. బాయిలరు పాడైతే శబ్దం విని రెండ్రోజుల కిందటే పట్టేశానంటాడు. ఏ ఊరి పేరెత్తినా అక్కడో స్నేహితుడుంటాడు. "నాకు తెలీదు" అన్న మాట ఆ నోటి నుంచి వినే భాగ్యం మాకెవరికీ కలగలేదు.

పన్నెండేళ్ళ కాపురం తర్వాత ఒకరోజు బట్టలు సర్దుకుని ఇంకో వీధిలో, ఇంకొకావిడ ఇంట్లో చేరాడు. మడతక్క ఏడ్చింది, తిట్టింది, నాలుగు నెలల్లో తేరుకుంది. తమాషా ఏమిటంటే అత్తగారు కొడుకుతో వెళ్ళలేదు. "వాడితో ముప్పై ఏళ్ళు వేగాను, ఇక నావల్ల కాదు, ఈ మంచం ఇక్కడే ఉంటుంది" అని కోడలి ఇంట్లోనే ఉండిపోయింది. రెండు గదుల ఇల్లు. ముందు గదిలో ఆవిడ మంచం, లోపలి గదిలో ఈమె కుట్టుమిషను. ఇద్దరూ రోజూ పోట్లాడుకునేవారు, అదీ టీలో పంచదార గురించి.

అంతటితో పోయుంటే నేనిది చెప్పేదాన్నే కాదు. అతని నోరు ఊరుకోదుగా. వ్యానులోకి మూటలెక్కించే అరుగు మీద మగాళ్ళు టీ తాగుతారు. అక్కడ కూర్చుని పెళ్ళాం ఒళ్ళు వర్ణించడం మొదలెట్టాడు. ఎడమ రొమ్ము కింద వేలిగోరంత పుట్టుమచ్చ ఉందనీ, దాని మీద మూడు వెంట్రుకలుంటాయనీ, ఇంకా నేను చెప్పలేనివి రెండు మూడూ. విన్నవాళ్ళు నవ్వి, ఇంటికెళ్ళి పెళ్ళాలకి చెప్పారు. ఆ పెళ్ళాల్లో సగంమంది మాతోనే పనిచేస్తారు. ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో రోలరు దగ్గర పనిచేసే కుర్రపిల్ల ఒకతె అనేసింది.

"మడతక్కా, ఆ మూడెంట్రుకల మచ్చ ఓసారి చూపించవూ?"

గదిలో అందరూ నవ్వారు. నేను కూడా నవ్వానేమో, ఇప్పుడు అబద్ధం ఎందుకు. ఈమె మాత్రం యూనిఫాం చొక్కా గుండెలకి అదుముకుని నిలబడిపోయింది. చెవులు ఎర్రగా కాలిపోతున్నాయి. మర్నాటి నుంచి ఆ గదిలో బట్టలు మార్చుకోవడం మానేసింది. దొడ్డి గదిలోకి వెళ్ళి, తడి నేల మీద ఒంటికాలి మీద నిలబడి మార్చుకునేది. పదకొండు నెలలు. ఇటు నుంచి మగాళ్ళు నడిచొస్తే అటు తిరిగిపోయేది. ఎవరైనా నవ్వితే తన గురించే అనుకునేది, చాలాసార్లు నిజమే కూడా.

ఒకరోజు కొసలు కలిసినప్పుడు దగ్గరి మాటగా చెప్పింది.

"వదినా, మచ్చ తీయించేసుకుందామని చర్మం డాక్టరు దగ్గరికెళ్ళా."

"తీస్తానన్నాడా?"

"తీస్తే అక్కడ తెల్లటి గాటు పడుతుందంట. అప్పుడు వాడేమంటాడు? నా మాటకి సిగ్గుపడి తీయించుకుంది అంటాడు. గాటు కూడా వాడి ఖాతాలోకే పోద్ది."

దూరం జరిగాం. మళ్ళీ దగ్గరికొచ్చాం.

"తీసేసేది కాదు వదినా, పెట్టించుకునేది కావాలి. వాడికి తెలీనిదొకటి నా ఒంటి మీద ఉండాలి. వాడు జన్మలో ఊహించలేనిది. అప్పుడు వాడు చెప్పే ఒళ్ళు నాది కాదు."

"పచ్చబొట్టా?"

"కాదు" అని, దుప్పటి నా చేతుల్లో పెట్టి, గుండె మీద వేలితో చూపించింది. సరిగ్గా చనుమొన మీద. నా చేతిలో దుప్పటి జారిపోయింది. పద్దెనిమిదేళ్ళలో నేను దుప్పటి జారవిడిచింది అదొక్కసారే.

సెలవురోజు మధ్యాహ్నం ఇద్దరం వెళ్ళాం. తాళంచెవులు చేసే కొట్టుకీ చెప్పులు కుట్టే కొట్టుకీ మధ్య ఇరుకు మెట్లున్నాయి. పైన శుభ్రమైన గది, కాగితం పరిచిన పొడుగాటి బల్ల, గాజు బీరువాలో చిన్న చిన్న కడ్డీలు, రింగులు. గుచ్చే అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి, జుట్టు మగాళ్ళలా కత్తిరించుకుంది. ఆమె చెవికున్నన్ని రింగులు మేం ఉతికే ఆసుపత్రి తెరలకి కూడా లేవు. నేను నోరెళ్ళబెట్టుకుని చూస్తుంటే, "కూర్చోండి ఆంటీ, మీకేం చెయ్యను" అంది.

మడతక్క చేతికి ఆ అమ్మాయి ఒక ఒప్పుకోలు కాగితం ఇచ్చింది. ఈమె వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. అప్పుడా అమ్మాయి అడిగింది.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?"

"చేశాడు, మా ఆయన."

అమ్మాయి తొడుక్కోబోతున్న గ్లౌజులు పక్కన పెట్టేసింది. "అయితే నేను చెయ్యనండి."

"అయ్యో, చేయించుకోమని కాదమ్మా! వాడి మీద కసితో నేనే వచ్చా."

"కసితో వచ్చినోళ్ళు వారం తిరక్కుండా తీసెయ్యమని వస్తారండి. ఇది మానడానికి ఆర్నెల్లు, ఒక్కోసారి ఏడాది పడుతుంది. రోజుకి రెండుసార్లు ఉప్పునీళ్ళతో కడగాలి. బిగుతు బట్టలు వద్దు. చేత్తో తడమకూడదు, తిప్పకూడదు. చీము పడితే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. మీ కోపం అంతకాలం ఉంటుందా?"

"పది నెలల నుంచీ ఉందమ్మా. ఇంకో ఏడాదికి సరిపడా ఉంది."

ఆ అమ్మాయి ఆమె కళ్ళలోకి కాసేపు చూసి, మళ్ళీ కొత్త గ్లౌజులు తీసింది.

మందుతో తుడిచి, పెన్నుతో అటొక చుక్క, ఇటొక చుక్క పెట్టింది. అద్దం ఇచ్చి "సమంగా ఉన్నాయా?" అని అడిగింది. మడతక్క మడత అంచు చూసినట్టే ఒక కన్ను మూసి చూసింది. "ఇటువైపుది వెంట్రుకవాసి కిందకుంది" అంది. అమ్మాయి మళ్ళీ చూసి, నిజమేనని తుడిచి మళ్ళీ పెట్టింది.

"తుపాకీలాంటిది పెట్టి కొడతారా?" అని నేను అడిగాను, చెవులు కుట్టేది గుర్తొచ్చి.

"దాంతో చెవులకి కొట్టడమే తప్పు ఆంటీ" అని ఒక సూది చూపించింది. లోపల బోలుగా ఉంది. నేను వెంటనే కిటికీలోంచి వీధి వంక చూడ్డం మొదలెట్టా. నా చెయ్యి మాత్రం మడతక్క పట్టుకుంది.

"గాలి పీల్చండి... వదలండి."

గాలితో పాటు మడతక్క నోట్లోంచి అమ్మా రాలేదు, దేవుడా రాలేదు. "ఒరేయ్ డప్పూ!" అని వచ్చింది. నా వేళ్ళు నలిగి పచ్చడయ్యాయి. నొప్పి క్షణం సేపే గానీ, ఆ క్షణంలో పన్నెండేళ్ళ కాపురమంతా కనపడిందని తర్వాత చెప్పింది. లేచి అద్దంలో చూసుకుంది. చిన్న కడ్డీ, రెండు చివర్లా ఆవగింజంత గుళ్ళు. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూస్తే నాకు కాస్త భయమేసింది, నిజం చెబుతున్నా.

"రెండోది కూడా కానిచ్చెయ్యమంటారా?" అంది అమ్మాయి.

"అక్కర్లేదమ్మా. వాడి మొహానికి ఒకటి చాలు."

ఇంటికెళ్ళాక అత్తగారికి దాచుదామనుకుంది. రెండు గదుల ఇంట్లో ఏం దాగుతుంది? ఉప్పునీళ్ళు కాచుకుంటుంటే పట్టేసింది ముసలావిడ. చూసింది. రెండు బుగ్గలూ నొక్కుకుంది. పది నిమిషాలు తిట్టింది. పదకొండో నిమిషంలో, "నీళ్ళు అంత వేడి పనికిరావే, ఒళ్ళు కాల్చుకుంటావా" అని గిన్నె లాక్కుని, తనే చల్లార్చి ఇచ్చింది. రెండు వారాలు రాత్రి ఈమె వెల్లకిలా పడుకోవడానికి తన మెత్తటి దిండు కూడా ఇచ్చేసింది. ఆ తర్వాత పంచదార గురించి పోట్లాట మళ్ళీ మొదలైంది.

ఒక ఆదివారం నేను వెళ్ళినప్పుడు ఆవిడే కదిపింది.

"ఇంత నొప్పి పడి లోపల దాచుకుంటే వాడికెలా తగులుద్దే?"

"వాడికి తెలీదన్న సంగతి నాకు తెలుసు. అది చాలత్తా."

"చాలదు. నేను కన్నదాన్ని, నాకు తెలుసు. వాడికి తెలీని సంగతి ఒకటుందని వాడి చెవినెయ్యి. ఏంటో, ఎక్కడో చెప్పకు. తెలీదని వాడు ఒప్పుకోడు. బళ్ళో చదివేటప్పుడు రాని లెక్కకి వచ్చని చెయ్యెత్తి, బల్లెక్కి మరీ తన్నులు తిన్నాడు. నువ్వు గొయ్యి తవ్వక్కర్లేదు, పార వాడి చేతిలోనే ఉంది."

"కొడుకు కదా అత్తా" అంది మడతక్క.

"కొడుకే. ఆడదాని ఒళ్ళు టీకొట్టు కబురు చెయ్యమని నేను కన్లేదు."

మర్నాడు పొద్దున షిఫ్టు ముందు మడతక్క దొడ్డి గదిలోకి వెళ్ళలేదు. పదకొండు నెలల తర్వాత మా గదిలోకొచ్చి, తన లాకరు తెరిచి, అందరి ముందూ చొక్కా విప్పింది. మచ్చ ఉంది, అతను చెప్పిన చోటే ఉంది. కానీ దాని వంక ఎవరు చూశారు! కళ్ళన్నీ కడ్డీ మీదే.

"ఓరి నాయనో" అంది బాయిలరు నడిపే బాబాయి పెళ్ళాం. మరకలు తీసే తొట్టె దగ్గర పనిచేస్తుంది, మేమంతా పిన్ని అంటాం. "నొప్పెట్టలేదుటే?"

"మొగుడంత కాదు పిన్నీ."

నవ్వులు చెలరేగాయి. ఈసారి నవ్వులో ఆమె కూడా ఉంది. మచ్చ చూపించమన్న రోలరు పిల్ల తల దించుకుంది. మడతక్క ఆమెని వదల్లేదు.

"ఇలా రా. చూస్తానన్నావుగా, ఇప్పుడు చూడు. బాగా చూడు."

"తప్పయిపోయిందక్కా" అందా పిల్ల, కళ్ళనీళ్ళు తిరిగాయి.

"తప్పయిందంటే చాలదు. నాకో పని చేసిపెట్టాలి. అందరూ చెయ్యాలి."

ఆ రోజు మడత గదిలో దుప్పట్లు మామూలు కంటే నెమ్మదిగా మడతపడ్డాయి. దగ్గరి మాట ఒక కొస నుంచి ఇంకో కొసకి పాకింది. ఎక్కడ కుట్టించుకుంది, మూడు వారాలే అయింది, ఇది ఎవరూ బయటికి పొక్కనివ్వద్దు. మచ్చ సంగతి ఎవరడిగినా మాకు కనపడలేదనాలి. దూరపు మాట మాత్రం వేరే. మడతక్క ఒంటి మీద లోపల ఎక్కడో నగ ఉందట, డప్పు ఎప్పుడూ చెప్పలేదేంటి? ఇది ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది. పిన్ని అరిచిన అరుపుకి అరుగు మీద మగాళ్ళు టీ గ్లాసులు దించారు.

రెండ్రోజులు పట్టలేదు. బాయిలరు బాబాయి నేరుగా అడిగేశాడు. "ఏరా డప్పూ, ఇన్ని చెప్పావు, ఆ నగ సంగతి చెప్పలేదేంట్రా?"

అప్పుడే అతను "ఏ నగ?" అని ఉంటే కథ అక్కడితో అయిపోయేది. బాబాయి చెప్పిన ప్రకారం, ఒక గుక్క టీ తాగాడట. మూతి తుడుచుకున్నాడట. "ఓ, అదా! నేనే కదా చేయించింది. మా ఐదో పెళ్ళిరోజుకి. ఆడవాళ్ళ సంగతని ఇన్నాళ్ళూ చెప్పలేదు" అన్నాడట.

"ఎక్కడరా?"

"బొడ్డుకి. ఎర్రరాయి."

ఇంకో రెండ్రోజుల్లో ఆ ఎర్రరాయి పెద్దదైపోయింది. తనే దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకున్నాడట. రక్తం చూసి ఈమె కళ్ళు తిరిగి పడిపోతే, భుజాన వేసుకుని మూడంతస్తులు దిగాడట. ఇంటికెళ్ళిన మగాళ్ళు ఇది పెళ్ళాలకి చెబుతుంటే, ఆ పెళ్ళాలు దిండ్లలో మొహాలు దాచుకుని నవ్వు ఆపుకున్నారు.

శుక్రవారం పొద్దున, వ్యాను ఎక్కించే వేళ, మూటల బళ్ళు తోసుకుంటూ మేం పదిమందిమి అరుగు మీదకెళ్ళాం. మామూలుగా ఇద్దరు చాలు. డప్పు టీ తాగుతున్నాడు. పిన్ని నడుం మీద చెయ్యేసుకుని అడిగింది.

"ఏమయ్యా, ఆ పెళ్ళిరోజు ముచ్చట మాక్కూడా చెప్పరాదూ?"

అతను మడతక్క వంక చూశాడు. ఆమె మూటల తాళ్ళు సరిచూస్తున్నట్టు నించుంది. అంతమంది వినేవాళ్ళుంటే అతనెక్కడ ఆగుతాడు? "ఏముంది పిన్నీ, ఆవిడే ముచ్చటపడింది. బొడ్డుకి కుట్టించాను, ఎర్రరాయి. ఇప్పటికీ తీయలేదంటే నా గుర్తనే కదా" అన్నాడు.

మడతక్క తాడు వదిలేసింది. నాలుగడుగులు ముందుకొచ్చింది. చొక్కా అంచు పట్టుకుని నాలుగు వేళ్ళ మేర పైకెత్తింది. అంతే, అంతకు మించి లేదు. బొడ్డు, చుట్టూ మామూలు చర్మం. రాయి లేదు, రంధ్రం లేదు, ఎప్పుడో ఉండేదన్న జాడ లేదు.

"ఏదిరా రాయి?" అంది. గట్టిగా కూడా అనలేదు.

"అది... పూడిపోయుంటుంది" అన్నాడు డప్పు.

"ఇప్పటికీ తీయలేదన్నావుగా?" అంది రోలరు పిల్ల, చటుక్కున. అతని ప్రతి మాటా గుర్తుంచుకుని పట్టుకోవడమే ఆ పిల్లకి మడతక్క పెట్టిన పని.

బాయిలరు బాబాయి గ్లాసు కింద పెట్టాడు. "అయితే ఆ పుట్టుమచ్చ కూడా ఇంతేనేంట్రా?"

"ఒట్టు! మచ్చ నిజం! మూడు వెంట్రుకలు!"

"మచ్చా?" పిన్ని మా వంక తిరిగింది. "రోజూ ఒకే గదిలో బట్టలు మార్చుకుంటాం. మీకెవరికైనా కనపడిందిటే?"

"లేదే" అన్నాం. పదిమందిమీ, ఒక్క గొంతుతో. నేనైతే రెండుసార్లన్నాను.

"అది సరే" అన్నాడు బాబాయి, అందరూ వినేలా. "పన్నెండేళ్ళు కాపురం చేసి పెళ్ళాం ఎలా ఉంటుందో కూడా చూడలేదన్నమాట. దీపమార్పి పడుకునే బాపతు." అరుగు అరుగంతా ఘొల్లుమంది. డప్పు వ్యానెక్కి తలుపేసుకున్నాడు. కంగారులో సగం మూటలు కిందే వదిలేసి పోయాడు. ఆ రోజు ఒక వార్డుకి దుప్పట్లు ఆలస్యమయ్యాయి, అది మాత్రం మా తప్పే.

ఆ తర్వాత అతనేం చెప్పినా ఎవరూ నమ్మలేదు. రోడ్డు మూసేశారంటే "బొడ్డు దగ్గరా?" అనేవారు. వారం గడిచాక సాయంత్రం ఇంటికొచ్చాడు. నేను అక్కడే ఉన్నాను, కుట్టుమిషను దగ్గర. తల్లి మంచం మీంచి లేవలేదు. మడతక్కే తలుపు తీసింది, సగం.

"ఇక ఆపించు" అన్నాడు. గొంతు చిన్నదైపోయింది.

"నేనేమన్నాను? అన్నీ నువ్వే అన్నావు."

"నగ సంగతి పోనీ. మచ్చ నిజమే కదా. అది ఒక్కటి నిజమని చెప్పు వాళ్ళకి. నన్ను పిచ్చోణ్ణి చేస్తున్నారు. నీకు తెలుసు, నాకు తెలుసు..."

"ఏ మచ్చ?" అంది మడతక్క.

అతను ఆమె మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆమె రెప్ప వాల్చలేదు. చివరికి తల్లి వైపు తిరిగి, "అమ్మా, నువ్వైనా చెప్పు" అన్నాడు. ముసలావిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

"పోనీ, ఆ నగ ఎక్కడుందో అదైనా చెప్పు" అన్నాడు.

మడతక్క తలుపేసింది. గొళ్ళెం పెట్టి, తలుపుకి వీపు ఆనించి కాసేపు నిలబడింది. జాలిపడుతుందేమో అనుకున్నా. పడలేదు. "రేపట్నుంచి మూటల బండి నేనే తోసుకెళతా వదినా" అంది.

అది ఆమె పని కాదు. బరువు పని, పైగా గాయం ఇంకా మానలేదు. అయినా పొద్దున్నే అరుగు మీదకి బండి ఆమే తోస్తుంది. అతను ఒక్కో మూటా ఎక్కిస్తుంటే ఎదురుగా నించుని చూస్తుంది. అతను తలెత్తడు. చివరి మూట ఎక్కేదాకా ఆమె కదలదు.